అగస్త్యుడి అసలు వెలుగెంత?

ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదింటికి అమలాపురం ప్రాంతంలో దక్షిణానికి తిరిగి నిలబడితే రెండు పెద్ద చుక్కలు ఇంచుమించు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పైన 57 డిగ్రీల ఎత్తులో మృగవ్యాధుడు, అంటే సిరియస్. కింద 21 డిగ్రీల ఎత్తులో, కొబ్బరి చెట్లు అడ్డురాకపోతే, అగస్త్యుడు, అంటే కనోపస్. పైవాడి వెలుగు కిందవాడికి మూడు రెట్లున్నట్టు ఉంటుంది. వాతావరణం దాటి వెళ్లి చూస్తే రెండు రెట్లే. ఇద్దరినీ ఒకే దూరంలో పెడితే లెక్క తిరగబడుతుంది: అగస్త్యుడే సుమారు 670 రెట్లు ఎక్కువ. మూడూ సరైన జవాబులే.

చుక్కల వెలుగుని మాగ్నిట్యూడ్‌లలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఐదు మాగ్నిట్యూడ్‌ల తేడాకి సరిగ్గా 100 రెట్లు, ఒక్కదానికి 2.512 రెట్లు అని 1856లో లెక్క కట్టినవాడు నార్మన్ పోగ్సన్. ఆయన 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే చలతారని (వెలుగు మారుతూ ఉండే చుక్కని) కనిపెట్టాడు. సిరియస్ మాగ్నిట్యూడ్ మైనస్ 1.46, అగస్త్యుడిది మైనస్ 0.74. ఇవి గాలి లేకపోతే ఉండే విలువలు.

గాలి చేసే కోత చిన్నదేం కాదు. నడినెత్తిన ఉన్న చుక్క కాంతి ఒక పొర గాలి దాటి వస్తుందనుకుంటే, 57 డిగ్రీల దగ్గర 1.2 పొరలు, 21 డిగ్రీల దగ్గర 2.8 పొరలు దాటాలి. సముద్రపు తేమ, పొగమంచు ఉండే డెల్టాలో పొరకి 0.3 మాగ్నిట్యూడ్ పోతుందనుకుందాం. సిరియస్ 0.36 కోల్పోతే అగస్త్యుడు 0.84 కోల్పోతాడు. రెండు రెట్ల తేడా మూడు రెట్లయ్యేది ఇక్కడే. ఆ 0.3 కూడా ఊహించి వేసుకునేది కాదు. ఒకే చుక్కని అది దిగుతున్నంతసేపూ కొలిచి, గాలి పొరల సంఖ్యకి ఎదురుగా మాగ్నిట్యూడ్‌ని గ్రాఫ్ గీయాలి. గీత ఎంత వాలుగా ఉందో అదే ఆ రాత్రి పొరకి పడే కోత; గీతని సున్నా పొరల దాకా పొడిగిస్తే గాలి లేని విలువ వస్తుంది. రాత్రంతా గాలి ఒక్కలాగే ఉంటేనే ఇది కుదురుతుంది. అర్ధరాత్రి దాటాక మంచు దిగే మన వైపు గీత వంకర పోవడం మామూలే.

అందుకే మామూలు కెమెరాతో కొలిచేవాళ్లు పక్క చుక్కతో పోల్చే పద్ధతి పట్టుకుంటారు. 50 మి.మీ. లెన్స్, స్టాండు, రా ఫైలు (కెమెరా సవరించని ముడి ఫొటో) చాలు. ఫోకస్ కాస్త తప్పించాలి. చుక్క ఒకటి రెండు పిక్సెళ్లలో పడితే అవి నిండిపోయి కొలత పాడవుతుంది. 14 బిట్ల కెమెరాలో ఒక్కో పిక్సెల్ చూపగల గరిష్ఠ అంకె 16,383. 12,000 దాటనివ్వకపోవడం మంచిది. మూత పెట్టి కొన్ని డార్కులు (కెమెరా సొంత మచ్చల్ని తీసేయడానికి చీకటి ఫొటోలు), తెల్లగుడ్డ కప్పి సంధ్యాకాశం మీద కొన్ని ఫ్లాట్లు (ఫ్రేములో ఎక్కడ వెలుగు తగ్గుతుందో చూపే సమాన వెలుగు ఫొటోలు) తీయాలి. ఫ్లాట్ లేకపోతే ఫ్రేము మూలన పడ్డ చుక్క ఉన్నదానికంటే మసకగా తేలుతుంది. మినుకు సగటున సర్దుకోవాలంటే ఇరవై ఫ్రేములైనా ఉండాలి.

ఇక లెక్క. చుక్క చుట్టూ ఆరు పిక్సెళ్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే లోపల సుమారు 113 పిక్సెళ్లు. వాటి మొత్తం 93,560 వచ్చిందనుకుందాం. చుట్టూ ఖాళీ ఆకాశంలో పిక్సెల్‌కి 120 ఉంటే, 113 రెట్లు 13,560 తీసేయాలి. రొయ్యల చెరువుల దీపాలు ఎక్కువైనకొద్దీ ఈ తీసివేత పెద్దదై, దాంతోపాటు పొరపాటూ పెరుగుతుంది. మిగిలింది 80,000. పోలిక చుక్కకి 32,000 వస్తే నిష్పత్తి 2.5, అంటే మన చుక్క ఒక మాగ్నిట్యూడ్ వెలుగెక్కువ. లెన్స్ మీద మంచు పట్టినా రెండూ ఒకేలా తగ్గుతాయి కాబట్టి నిష్పత్తి చాలావరకు నిలుస్తుంది. పల్చటి మబ్బుతో అలా కాదు, ఒకదాన్నే కమ్మగలదు. మూడో చుక్కని కూడా కొలిచి, దాని తెలిసిన విలువే వస్తోందా లేదా చూసుకోవడం అందుకే.

ఇంతవరకు వచ్చింది కనిపించే వెలుగే. అసలు కాంతి కావాలంటే దూరం తెలియాలి. చెరువు గట్టు బల్బుని మూడింతల దూరం జరిపితే అందే వెలుగు తొమ్మిదో వంతు. సిరియస్ 8.6 కాంతి సంవత్సరాలు, అగస్త్యుడు సుమారు 310. దూరం 36 రెట్లు, వర్గం చేస్తే దాదాపు 1,300. కనిపించే వెలుగు సగమే కాబట్టి 670కి దగ్గర. సూర్యుడితో పోలిస్తే సిరియస్ సుమారు 25 రెట్లు, అగస్త్యుడు పదివేల రెట్ల పైమాటే.

దూరాలు వచ్చేది పారలాక్స్ నుంచి: భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి చుక్క అటూ ఇటూ కదిలినట్టు కనిపించే కోణంలో సగం. సిరియస్‌కి అది 0.379 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). ఆర్ద్ర, అంటే బెటెల్‌గ్యూజ్ అనే ఎర్ర చుక్క, దగ్గరికొచ్చేసరికి చిక్కే. (ఆరుద్ర కార్తెలో ఆ చుక్క కనపడదు, సూర్యుడు అటువైపే ఉంటాడు.) ఆర్ద్ర బింబమే దాని పారలాక్స్ కంటే చాలా పెద్దది, పైగా దాని మీద మరకలు కదులుతుంటాయి. దూరాన్ని 500 నుంచి 720 కాంతి సంవత్సరాల దాకా రకరకాలుగా లెక్కగట్టారు. దూరంలో ఆ తేడా కాంతిలో రెట్టింపు తేడా అవుతుంది. ఎర్ర చుక్క కావడంతో ఎక్కువ శక్తి కంటికి కనిపించని పరారుణంలో పోతుంది, దాన్నీ కలుపుకోవాలి. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర 1.6 మాగ్నిట్యూడ్ దాకా మసకబారిందన్న కొలతలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.