పోలీసుల్ని వీడియో తీస్తే కేసేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: డ్యూటీలో ఉన్న పోలీసుల్ని ఫోన్లో తీయడమే నేరం.

బహిరంగ స్థలంలో తీయకూడదనే సెక్షన్ ఏదీ లేదు. తీయొచ్చని విడిగా చెప్పే సెక్షనూ లేదు, రాజ్యాంగం 19(1)(ఎ)లోని భావప్రకటన స్వేచ్ఛే ఆధారం. మామూలుగా పెట్టేది ‘విధులకు ఆటంకం’ కేసు. భారతీయ న్యాయ సంహిత 221 కింద 3 నెలల వరకు జైలు, రూ.2,500 వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఈ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆ ఉద్యోగో, పై అధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఒట్టి ఎఫ్ఐఆర్ చాలదు. చెయ్యి వేసినా, తోసినా సెక్షన్ 132 వస్తుంది, శిక్ష 2 ఏళ్ల దాకా. అందుకే పదడుగులు వెనక్కి నిలబడండి, వాదనకు దిగకండి. వెనక్కి జరగమంటే జరిగి, అక్కణ్నుంచే తీయండి.

అపోహ: స్టేషన్లో తీస్తే అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది.

1923 నాటి ఆ చట్టం చెప్పే నిషిద్ధ ప్రదేశాల్లో పోలీస్ స్టేషన్ లేదంటూ 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ అలాంటి కేసును కొట్టేసింది. మన హైకోర్టులు దీనికి కట్టుబడాల్సిన పని లేదు గానీ, వాదనకు బలమైన ఆసరా.

అపోహ: అడిగితే ఫోన్ ఇచ్చి, వీడియో డిలీట్ చేయాల్సిందే.

డిలీట్ చేయించే అధికారం పోలీసులకు లేదు. నేరంతో సంబంధం ఉందన్న అనుమానం ఉంటే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 106 కింద ఫోన్ జప్తు చేయొచ్చు, మేజిస్ట్రేట్‌కు తెలపాలి. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరుతో రసీదు అడగండి. బెదిరించి చెరిపించినా చాలా ఫోన్లలో ట్రాష్ ఫోల్డర్లో 30 రోజులు ఉంటుంది.

అపోహ: వాట్సాప్‌లో పంపేశాం, ఇక సాక్ష్యం భద్రం.

ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వాట్సాప్ వీడియోను కుదిస్తుంది, తీసిన సమయం వివరాలు పోతాయి, హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) మారిపోతుంది. వీడియోను కోర్టులో సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు జతచేసే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్లో రాయాల్సింది ఆ విలువే. అందులో పార్ట్-ఎ మీద మీరు, పార్ట్-బి మీద నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫైలును ఫోన్లోనే ఉంచండి. కత్తిరించొద్దు, పేరు మార్చొద్దు, పాట జోడించడం అసలే వద్దు. పంపక తప్పకపోతే ‘డాక్యుమెంట్’గా పంపండి.

అంబులెన్స్, ఫైర్ సిబ్బందినీ తీయొచ్చు, స్ట్రెచర్ దారికీ నీళ్ల గొట్టాలకూ అడ్డు రాకుండా. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెడితే మాత్రం న్యాయ సంహిత సెక్షన్ 72 కింద 2 ఏళ్ల వరకు జైలు. పోస్టు చేసే ముందే ముఖం, ఇల్లు, బండి నంబరు కనబడకుండా చేయండి, అదీ కాపీ మీదే.