ఒకే వేగం, ఒకే బరువు, నాలుగు రెట్ల ధర: సబ్‌సోనిక్ తూటాల లెక్క

.22 లాంగ్ రైఫిల్ తూటాల పెట్టెలు రెండు తీసుకుని లేబుళ్లు చదివితే తేడా కనిపెట్టడం కష్టం. రెండింటిలోనూ తూటా నుంచి బయటికి దూసుకెళ్లే భాగం సీసపు బుల్లెట్టే, బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. వేగం కూడా రెండింటికీ సెకనుకు 325-330 మీటర్ల దగ్గరే. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటి రెండోదానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఆ ఖరీదైనది ఎక్కువ దూరం పోదు, ఎక్కువ గట్టిగా తగలదు. మరి ఆ డబ్బంతా దేనికి?

ముందు వేగం సంగతి చూద్దాం. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు 331 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 343, 30 డిగ్రీల దగ్గర దాదాపు 349. ఇది ఉష్ణోగ్రతతో మారుతుంది, పీడనంతో కాదు. ఎత్తైన కొండ మీద ధ్వని నెమ్మదిగా ప్రయాణిస్తుందంటే కారణం అక్కడి చలి, పలచటి గాలి కాదు. దీన్నిబట్టి 330 మీటర్ల వేగంతో వెళ్లే బుల్లెట్ వేసవి మధ్యాహ్నం నిక్షేపంగా సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మది), గడ్డకట్టే చలిలో మాత్రం సరిగ్గా అంచు మీద ఉంటుంది. పెట్టె మీద రాసిన ఒక్క మాటతో ఈ విషయం తేలిపోదు.

ఆ అంచు గురించి ఎందుకింత పట్టింపు అంటే, ధ్వని వేగాన్ని సమీపించేకొద్దీ గాలి నిరోధం ఉన్నట్టుండి పెరుగుతుంది. బుల్లెట్ మీద షాక్ తరంగాలు పుట్టి, కదిలి, దాని నిలకడను దెబ్బతీస్తాయి. హై వెలాసిటీ .22 తూటా బుల్లెట్ సెకనుకు 375 మీటర్లకు అటూ ఇటూగా బయల్దేరి, మొదటి 100 మీటర్ల లోపే ధ్వని వేగం కిందికి దిగిపోతుంది. ఆ గండాన్ని దారి మధ్యలో దాటుతుందన్నమాట. సబ్‌సోనిక్ బుల్లెట్ మొదటి నుంచీ దాని కిందే ఉంటుంది కనుక ఆ కుదుపు తప్పించుకుంటుంది.

ఇందులో నాకు ఎప్పటికీ అందంగా అనిపించే విషయం గాలివాటు. పక్కగాలి బుల్లెట్‌ను ఎంత నెడుతుందన్నది అది గాలిలో ఎంతసేపు ఉందన్న దాని మీద ఆధారపడదు. గాలే లేని శూన్యంలో అయితే పట్టే సమయం కంటే ఎంత ఆలస్యమైందన్న దాని మీద ఆధారపడుతుంది. వేగంగా బయల్దేరిన .22 బుల్లెట్ నిరోధానికి ఎక్కువ వేగం పోగొట్టుకుంటుంది, అందుకే దాని ఆలస్యమే ఎక్కువ. ఫలితంగా 100 మీటర్ల దగ్గర త్వరగా చేరిన బుల్లెట్టే నెమ్మదిగా వచ్చినదానికంటే ఎక్కువ పక్కకు జరుగుతుంది. పోటీ షూటర్లు నెమ్మది తూటాలు వాడటానికి ఇదొక గట్టి కారణం.

సరే, వేగం దాదాపు ఒకటే అయినప్పుడు ధరలో తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఒక తూటాకీ పక్క తూటాకీ మధ్య ఉండే పోలిక నుంచి. 325 మీటర్ల వేగంతో వెళ్లే బుల్లెట్ 50 మీటర్ల దగ్గరికి చేరేలోపు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. అదే పెట్టెలోని రెండు తూటాల మధ్య వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే, టార్గెట్ మీద ఆ రెండూ నిలువునా 7 మిల్లీమీటర్ల దూరంలో పడతాయి. అంతర్జాతీయ 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. దూరం 100 మీటర్లయితే ఆ తేడా నాలుగింతలై మూడు సెంటీమీటర్లకు చేరుతుంది. కొంత బ్యారెల్ కూడా సర్దుతుంది: పేలుడుకు అది పైకి లేస్తున్న క్షణంలో నెమ్మది బుల్లెట్ కాస్త ఆలస్యంగా, కాస్త పై కోణంలో బయటపడి తన లోటు పూడ్చుకోవచ్చు. ఇది అన్ని రైఫిళ్లలోనూ ఒకేలా జరగదు.

ఆ పోలిక సాధించడం ఫ్యాక్టరీకి ఎంత కష్టమో చెప్పాలి. ఒక .22 తూటాలో ఉండే మందు దాదాపు 0.07 గ్రాములు. ఒక శాతం తేడా అంటే ఒక మిల్లీగ్రాము కూడా కాదు. దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్ పదార్థం మధ్యలో వేరుగా కూర్చోదు, ఖోళం (తూటా లోహపు గొట్టం) అడుగు అంచు లోపల వలయంలా పరుచుకుని ఉంటుంది. తడిగా వేసి, గిర్రున తిప్పి, ఆ అంచులోకి చేరుస్తారు. వలయంలో ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పరుచుకుంటే, తుపాకీ సూది ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి మంట అంటుకునే తీరే మారుతుంది. దీనికి తోడు సీసం మెత్తనిది, రవాణాలో తగిలే చిన్న నొక్కు కూడా చాలు. పెద్ద రైఫిళ్ల తూటాలనైతే ఇంట్లో మళ్లీ నింపుకుని సరిచేసుకోవచ్చు. ఇలా ప్రైమర్ అంచులో ఉండే రిమ్‌ఫైర్ తూటాకు ఆ అవకాశం లేదు. ఫ్యాక్టరీ ఏమిస్తే అదే.

అందుకే ఇక్కడ లాట్ నంబర్‌కు, అంటే ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే నంబర్‌కు, అంత విలువ. ఒకే యంత్రం మీద, ఒకే ముడిసరుకుతో తయారైన తూటాలను ఫ్యాక్టరీలో కాల్చి చూసి, దగ్గరదగ్గరగా పడిన లాట్లను పై శ్రేణిలో పెట్టడం మ్యాచ్ (పోటీ) తూటాల పరిశ్రమలో మామూలే. అంటే పై శ్రేణి ధరలో పెద్ద భాగం ఆ పరీక్షకూ ఏరివేతకూ పోతుంది. ఒక్కోసారి మధ్య శ్రేణిలో ఓ లాట్ మీ బ్యారెల్‌కు సరిపడి, దానికి రెట్టింపు ధర ఉన్నదాన్ని మించిపోవడమూ ఉంటుంది. తూటాల తయారీ సంస్థలు లపువా జర్మనీలోని షోనెబెక్‌లో, ఎలీ ఇంగ్లండ్‌లో షూటర్ల సొంత బ్యారెళ్లతో లాట్లను పరీక్షించే కేంద్రాలు నడుపుతున్నది అందుకే.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే లెక్క. టార్గెట్ మీద దెబ్బలు అటూ ఇటూ పడే చెదురులు ఒకదానికొకటి నేరుగా కలవవు, వాటి వర్గాలు (స్క్వేర్లు) కలుస్తాయి. షూటర్ చేతి వల్ల వచ్చే చెదురు 20 మిల్లీమీటర్లు, తూటా వల్ల వచ్చేది 10 అనుకుందాం. రెండూ కలిస్తే 30 కాదు, 22.4. నాలుగు రెట్ల డబ్బు పెట్టి తూటా చెదురును 5కు తగ్గిస్తే మొత్తం 20.6 అవుతుంది. లాభం 8 శాతం. అదే షూటర్ చెదురు 5 మిల్లీమీటర్లే అయితే మొత్తం 11.2 నుంచి 7.1కి పడిపోతుంది. ఒకే తూటా, ఒకే ధర, కానీ ఒకరికి దాదాపు వృథా, మరొకరికి పతకం తెచ్చే తేడా. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఖరీదైన పెట్టెల టెన్షన్ పెట్టుకోకుండా, మధ్య శ్రేణిలోనో అంతకంటే కిందో ఆగి, మిగిలిన డబ్బు ప్రాక్టీసుకు పెట్టడమే మంచిదని నా గట్టి నమ్మకం.

పోల్చి చూసేటప్పుడు ఎక్కువగా దారి తప్పేది గణాంకాల దగ్గరే. ఒకే రైఫిల్‌తో, ఒకే లాట్‌తో ఐదేసి తూటాల గ్రూపులు కాలిస్తే, గ్రూప్ సైజు (బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం) తన సగటు చుట్టూ నాలుగో వంతుకు పైగా ఊగడం మామూలే. సగటు 20 మిల్లీమీటర్లు ఉన్న తూటా అప్పుడప్పుడు 14 కూడా చూపిస్తుంది. ఆ ఒక్క గ్రూప్ ఫోటో చూసి తూటా మంచిదని తేల్చేస్తే అది యాదృచ్ఛికతకు ఇచ్చిన మార్కే. పది గ్రూపుల సగటు తీసినా 8-9 శాతం అనిశ్చితి మిగులుతుంది. కాబట్టి రెండు బ్రాండ్ల మధ్య 10 శాతం తేడా ఉందని మూడు గ్రూపులతో చెప్పడం కుదరదు. గ్రూప్ సైజు కొలత ఆ రెండు రంధ్రాలనే పట్టించుకుంటుంది. ప్రతి రంధ్రానికీ కేంద్రం నుంచి ఉన్న దూరాల సగటు తీస్తే అదే ఖర్చుతో మెరుగైన సమాచారం వస్తుంది.

బ్రాండ్ మార్చగానే లెక్క మొదలుపెట్టకూడదు. బుల్లెట్ మీద పూసే మైనం లాంటి కందెన ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది, కొత్తది బ్యారెల్‌లో కుదురుకోవడానికి కొన్ని తూటాలు పడతాయి. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే వేగం సగటును కాదు, దాని విచలనాన్ని (సగటు చుట్టూ ఊగిసలాటను) చూడాలి. మంచి మ్యాచ్ తూటాల్లో అది సెకనుకు 3 మీటర్ల లోపే ఉంటుంది, చవక వాటిలో రెండింతలు కనిపించినా ఆశ్చర్యం లేదు.

సబ్‌సోనిక్‌లో శక్తి కోసం చూసేవారి లెక్క వేరు. వేగానికి పైకప్పు ఉంది కనుక బరువు పెంచడమొక్కటే దారి. .300 బ్లాకౌట్ అనే రైఫిల్ తూటాలోని 220 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 310 మీటర్ల దగ్గర దాదాపు 680 జౌళ్లు మోస్తుంది, .22కు ఉండేది దాదాపు 140. అంత పొడవైన బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బ్యారెల్‌లో 7-8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు కావాలి.

.22 కొనేవారు చేయదగిన పని ఇది: మూడు నాలుగు రకాల నుంచి ఒక్కో లాట్ తెచ్చి, గాలి లేని రోజున, రైఫిల్‌ను ఊతం మీద పెట్టి, ఒక్కోదానితో కనీసం 50 కాల్చాలి. గెలిచిన లాట్ నంబర్ రాసిపెట్టుకుని, ఆ నంబర్‌లోనే వీలైనన్ని పెట్టెలు కొనాలి. అవి అయిపోయాక అదే బ్రాండ్, అదే శ్రేణి కొన్నా కొత్త లాట్‌ను మళ్లీ పరీక్షించాల్సిందే.