రేగడి నెర్రె, మంచు చీల

ఆదోని, ఆలూరు ప్రాంతాల నల్లరేగడి చేలలో శనగ పంట ఇంటికి చేరి, మే నెల వచ్చేసరికి నేల నెర్రెలు విచ్చుతుంది. ముల్లుగర్ర దింపితే మూరకు పైగా దిగిపోయే ఆ నెర్రెల్లో గొడ్ల కాళ్లు ఎక్కడ ఇరుక్కుంటాయోనని కాపరులు వాటిని గట్టు వెంబడే తోలుకుపోతారు. గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా ఐదారు మూలల పలకలు పరచినట్టు కనిపిస్తుంది. ఇటువంటి పలకలే, ఒక్కొక్కటి 10 నుంచి 30 మీటర్ల వెడల్పుతో, అలాస్కా ఉత్తర తీరంలోనూ కెనడా, సైబీరియాల చలి మైదానాల్లోనూ ఉన్నాయి. రేగడి నెర్రె తొలకరికి మూసుకుపోతుంది. అక్కడి నెర్రె వేల ఏళ్లు నిలిచి, క్రమంగా లావెక్కుతుంది. ఆ సందులో చేరేదేమిటి, చేరినది ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ఈ రెంటి మధ్య తేడా.

రేగడిలోని బంకమన్ను తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోతుంది కనుక ఇక్కడ నేలను పగలగొట్టేది ఎండ. అక్కడ ఆ పని చలి చేస్తుంది. కనీసం రెండేళ్లపాటు ఎడతెగకుండా సున్నా డిగ్రీల దగ్గరో అంతకు దిగువనో ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. దానిపైన ఏటా వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకట్టే పలుచని పొర ఉంటుంది. నడి చలికాలంలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయినప్పుడు, రాయిలా బిగిసిన ఈ నేల ముడుచుకోబోతుంది. గడ్డమంచు ఒక డిగ్రీ చల్లబడితే తన పొడవులో లక్షకు ఐదు వంతుల మేర తగ్గుతుంది. ఆ లెక్కన 20 మీటర్ల మంచు దిమ్మె 20 డిగ్రీలు చల్లబడితే 2 సెంటీమీటర్లు తగ్గాలి. చుట్టూ ఉన్నదీ గడ్డకట్టిన నేలే కావడంతో ముడుచుకోవడానికి వీలులేక, లోపలి లాగుడుకు తాళలేక, ఒకచోట నిలువునా చీలుతుంది. ఆ చీలిక వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే కావచ్చు గాని లోతు మీటర్లలో ఉంటుంది.

వసంతంలో పైన కరిగిన మంచునీరు ఆ సందులోకి జారుతుంది. కింది నేల అప్పటికింకా సున్నాకు బాగా దిగువనే ఉంటుంది కనుక నీరు జారినచోటే గడ్డకడుతుంది. వేసవిలో పైపొర కరిగినప్పుడు అంతమేర చీలిక మన రేగడిలోలాగే పూడిపోతుంది. ఆ కింద మాత్రం సన్నని మంచురేకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. చుట్టూ ఉన్న నేలకన్నా ఆ రేకు ఉన్నచోటు బలహీనం కాబట్టి, మరో చలికాలంలో నేల దాదాపు అదే గీత వెంబడి చీలుతుంది, మరో రేకు చేరుతుంది. ప్రతి ఏడూ చీలకపోయినా, వందలసార్లు ఇలా జరిగేసరికి, బండలు పగలగొట్టేవారు రాతిలోకి దిగవేసే ఇనుప చీలలాగా, పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉండే మంచు చీల తయారవుతుంది. ఏటి లెక్కన పెరుగుదల సగటున ఒక మిల్లీమీటరే అనుకున్నా వెయ్యేళ్లకు అది మీటరు వెడల్పవుతుంది. దానిని అడ్డంగా కోస్తే నిలువు చారలు, వాటి మధ్య బుడగల వరుసలు, పలుచని మట్టి జాడలు కనిపిస్తాయి. ఒక్కొక్క చార ఒక్కొక్క చలికాలపు నీరు. ఆ నీటిలోని, బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాల (ఐసోటోపుల) నిష్పత్తిని కొలిచి, వేల ఏళ్లనాటి చలికాలాలు ఎంత తీవ్రంగా ఉండేవో అంచనా వేస్తున్నారు. ఇంత ఓపికగా రాసిపెట్టిన వాతావరణ చరిత్ర మట్టిలో దొరకడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురంగానే ఉంటుంది.

ఈ క్రమాన్ని భూవిజ్ఞాని ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్ అలాస్కా తీరంలో ఏళ్ల తరబడి గమనించి 1915లో వివరించాడు. కెనడాలో భూగోళ శాస్త్రవేత్త రాస్ మెకై 1978లో ఇల్లిసార్విక్ అనే సరస్సులోని నీటిని బయటికి వదిలించి, బయటపడిన అడుగు నేల గడ్డకట్టి చీలడాన్ని మొదటి చలికాలం నుంచే పరిశీలించాడు. ఆ తరువాత అక్కడ మొక్కలు పెరిగి, వాటి మధ్య కురిసిన మంచు దట్టంగా నిలిచి, నేలకు దుప్పటిలా చలిని అడ్డుకోవడంతో చీలడం క్రమంగా తగ్గిపోయింది. నేల చీలాలంటే చలి ఎంత ఉందన్నదే కాక, ఆ చలి మట్టిదాకా చేరుతుందా అన్నదీ ముఖ్యమని దీనివల్ల తేలింది.

వేసవిలో నేల తిరిగి వ్యాకోచించబోతే, ఖాళీ సందు అప్పటికే మంచుతో నిండి ఉంటుంది. దానితో మట్టి చీలకు ఇరువైపులా పైకి ఒత్తుకువచ్చి గట్లు కడుతుంది; పలక నడుమ మడిలో నిలిచినట్టు నీరు నిలుస్తుంది. వేసవి వేడి మామూలుకన్నా లోతుకు దిగి చీల తల కరిగిన నాడు ఈ అమరిక తలకిందులవుతుంది. చీల ఉన్నచోటు కాలువలా కుంగుతుంది, పలక నడిమి భాగం మెరకగా మిగులుతుంది. కాలువలో చేరిన నీరు ఎండను పీల్చి అడుగు మంచును మరింత కరిగిస్తుంది. అయితే అన్నిచోట్లా కరుగుదల ఆగకుండా సాగదు. కాలువలో నాచు, గడ్డి పెరిగి, కుళ్లిన ఆకులతో మందమైన పొర ఏర్పడితే కింది మంచుకు మళ్లీ రక్షణ దొరుకుతుంది.

చీల పూర్తిగా కరిగిపోయినచోట ఆ ఖాళీలోకి పైమట్టి జారి, చీల ఆకారంలోనే నిలిచిపోతుంది. మంచుయుగంలో గడ్డకట్టి ఉండిన ఇంగ్లండ్ నేలలో ఇటువంటి మట్టి చీలలు ఎన్నో ఉన్నాయి. చుట్టూ ఉన్న కంకర నేలకన్నా వాటిలో తడి ఎక్కువకాలం నిలుస్తుంది కనుక, వానలు లేని వేసవిలో మిగతా పైరు పండుబారినా వాటి మీది పైరు పచ్చగానే ఉంటుంది. అప్పుడు విమానం నుంచి చూస్తే, ఎప్పుడో కరిగిపోయిన చీలల గీతలు చేలమీద పచ్చని పలకలుగా కనిపిస్తాయి.