వైరూ వైర్‌లెస్సూ కలిసే చోట

2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో, ఒక బహుళ అంతస్తుల భవనం కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాలకు నిప్పంటుకొని కనీసం 9 మంది చనిపోయారు. మంట కింద పుట్టినా పై అంతస్తులవారిని ముందుగా చేరేది పొగ. అది ఎక్కే మెట్లే వారు దిగవలసిన మెట్లు కూడా. అందువల్ల కింది పార్కింగులోని స్మోక్ డిటెక్టర్ అక్కడే మోగి ఊరుకుంటే ప్రయోజనం తక్కువ. అమెరికా ప్రమాణాల ప్రకారం ఇళ్లలో వాడే స్మోక్ అలారం సుమారు 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ ధ్వని ఇవ్వాలి. ఆ ధ్వని రెండు శ్లాబులు దాటి, తలుపు మూసి ఏసీ వేసుకొని పడుకున్నవారిని నిద్ర లేపుతుందని అనుకోలేం. ఒక అలారం మోగితే ఇంట్లోని అన్నీ మోగేలా కలపడం ఇందుకే.

మన నగరంలో ఇది కొంచెం చిక్కుతో కూడిన పని, ఎందుకంటే ఇక్కడ చాలా ఇళ్లు ఒకేసారి పూర్తికావు. కింది అంతస్తు కట్టేటప్పుడు శ్లాబులో పైపులు వేసి వైర్లు లాగినవారు, పదేళ్లకు పైన మరో అంతస్తు వేసుకున్నప్పుడు ఆ వైర్లను పైకి తీసుకుపోయే దారి లేక వైర్‌లెస్ డిటెక్టర్లు కొంటారు. కోకాపేట, తెల్లాపూర్ వైపు లేచిన కొత్త టవర్లలో గోడలన్నీ కాంక్రీటుతో పోసినవైతే, తరవాత గాడి కొట్టి వైరు దాచడం కుదరదు. అలా రెండు తరాల పరికరాలు ఒకే ఇంట్లో చేరతాయి.

వైరుతో పనిచేసే వ్యవస్థ తన క్షేమాన్ని ఎలా తెలుపుతుందో ముందు చూడాలి. డిటెక్టర్ల కబురు అందుకొని సైరన్లు మోగించే పెట్టెను అలారం ప్యానెల్ అంటారు. దాని నుంచి బయలుదేరిన రెండు వైర్లు డిటెక్టర్లన్నిటినీ వరసగా తాకుతూ వెళ్లి, ఆఖరి డిటెక్టర్ దగ్గర ఒక చిన్న రెసిస్టర్‌తో, అంటే విద్యుత్తును కొంత అడ్డుకొనే భాగంతో, ముగుస్తాయి. 12 లేదా 24 వోల్టుల ప్యానెల్ ఆ రెసిస్టర్ గుండా ఎప్పుడూ కొద్దిపాటి విద్యుత్తును పంపుతూనే ఉంటుంది. పొగ తగిలితే డిటెక్టర్ రెండు వైర్లనూ దగ్గరదారిన కలుపుతుంది, ప్రవాహం పెరుగుతుంది, ప్యానెల్ దాన్ని అగ్నిప్రమాదంగా గ్రహిస్తుంది. ఎలుక వైరు కొరికితే ప్రవాహం ఆగిపోతుంది; ప్యానెల్ దాన్ని లోపంగా చూపుతుంది. క్షేమం, ప్రమాదం, లోపం అనే మూడు స్థితులనూ అది ఆ ఒక్క రెసిస్టర్ వల్లే వేరుచేసి చెప్పగలుగుతోంది. పని త్వరగా తెమలాలని కొందరు ఎలక్ట్రీషియన్లు ఈ రెసిస్టర్‌ను వైరు చివర కాకుండా ప్యానెల్ పెట్టెలోనే బిగిస్తారు. దీపం ఆకుపచ్చగానే వెలుగుతుంది గానీ, అప్పుడు ప్యానెల్ కాపలా కాసేది తన పెట్టెను మాత్రమే. బయట వైరు ఎక్కడ తెగినా దానికి తెలియదు. పాత వైరింగుకు కొత్త పరికరాలు జోడించే ముందు మూత విప్పి చూడవలసిన మొదటి విషయం ఇదేనని నా అభిప్రాయం.

వైర్‌లెస్ డిటెక్టర్‌కు ఎడతెగని ప్రవాహం అనే సౌకర్యం లేదు. అది బ్యాటరీ మీద ఏళ్ల తరబడి బతకాలి కాబట్టి ఎక్కువ సమయం రేడియోను ఆపి ఉంచుతుంది. మంచి వ్యవస్థలలో అది నిర్ణీత వ్యవధికొకసారి మేలుకొని, తాను ఉన్నానని ఒక చిన్న సంకేతం పంపుతుంది. రాత్రి గస్తీ వాచ్‌మన్ వేసే ఈల లాంటిదే అది. వరసగా కొన్ని ఈలలు వినపడకపోతే ప్యానెల్ లోపం ప్రకటిస్తుంది. చవకరకం పరికరాలలో ఈ ఏర్పాటు ఉండదు, అవి మంట వచ్చినప్పుడే మొదటిసారి మాట్లాడాలి. కాంక్రీటూ అందులోని ఇనుప కడ్డీలూ రేడియో సంకేతాన్ని బాగా తగ్గిస్తాయి. ఈ విషయంలో 2.4 గిగాహెర్ట్జ్ కంటే మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీ మెరుగు. అమెరికాలోని పిల్లలు సూట్‌కేసులో తెచ్చిచ్చే అలారాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: అక్కడి వైర్డ్ రకాలు 120 వోల్టులకు చేసినవి, మన 230 వోల్టులకు కలిపితే కాలిపోతాయి, అక్కడి వైర్‌లెస్ రకాలు కొన్ని 915 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అది మన పట్టీ కాదు.

ఈ రెంటినీ కలపడానికి అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి ప్యానెల్‌నే కూడలిగా చేయడం. వైర్డ్ డిటెక్టర్లు ఒక జోన్‌కు (ప్యానెల్ విడిగా గమనించే ఒక్కో విభాగం జోన్), వైర్‌లెస్‌వి అదే ప్యానెల్‌కు సరిపడే రిసీవర్ ద్వారా వేరే జోన్లకు చేరతాయి. ఎవరు పలికినా ప్యానెల్ అన్ని సైరన్లనూ మోగిస్తుంది. ఆ జోన్లను తప్పనిసరిగా ఇరవై నాలుగు గంటల ఫైర్ జోన్లుగా అమర్చాలి. దొంగల అలారం జోన్‌గా వదిలేస్తే, ఇంట్లో మనుషులుండి అలారాన్ని ఆపి ఉంచిన వేళ పొగను కూడా అది పట్టించుకోదు.

ప్యానెల్ లేకుండా, ఇంటి కరెంటుతో నడుస్తూ తమలో తాము ఒక సంకేతపు వైరుతో కలిసి ఉన్న అలారాలైతే మధ్యవర్తి కావాలి. ఆ కంపెనీయే తయారుచేసిన రిలే మాడ్యూల్‌ను సంకేతపు వైరుకు కలిపితే, అలారం మోగినప్పుడు అందులో ఒక చిన్న స్విచ్చు మూసుకుంటుంది. దాన్ని ఒక వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌కు తగిలిస్తే కబురు పైకి చేరుతుంది. సంకేతపు వైరు వోల్టేజీ కంపెనీ కంపెనీకీ మారుతుంది కనుక వేరే కంపెనీ అలారాన్ని దానికి నేరుగా కలపకూడదు. ఈ మార్గంలో రెండు చిక్కులున్నాయి. రిలే ఒకవైపు మాత్రమే చెబుతుంది: కింద పొగ వస్తే పైన తెలుస్తుంది గానీ, పైన వస్తే కింద మోగదు. రెండు వైపులా కావాలంటే వైరూ రేడియో రెండూ ఉన్న అలారాన్ని, ఆ శ్రేణిలోనే, కొనుక్కోవాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. అలారాలకు లోపల బ్యాటరీ ఉన్నా, కొన్ని రిలే మాడ్యూళ్లకు ఉండదు; షార్ట్ సర్క్యూట్‌తో మొదలైన మంటలో ముందు పోయేది కరెంటే. కాబట్టి ఆ సర్క్యూట్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్పించాలి. రిలేకూ ట్రాన్స్‌మిటర్‌కూ నడుమ ఉండే చిన్న వైరు ముక్కను ఏ వ్యవస్థా కాపలా కాయకపోవచ్చు. రెంటినీ ఒకే పెట్టెలో, జానెడు దూరం దాటకుండా పెట్టడం మంచిది.

వంటింట్లో మాత్రం పొగ డిటెక్టర్ పెట్టకండి. తాలింపు పెట్టిన ప్రతిసారీ మూడంతస్తులూ మోగితే, నెల తిరక్కుండానే ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. అక్కడ 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేసే హీట్ డిటెక్టర్ చాలు.

అంతా కలిపాక టెస్ట్ బటన్ నొక్కి తృప్తిపడితే సగం పనే అయినట్టు. మెయిన్ స్విచ్చు ఆపి, పరీక్షకు వాడే పొగ స్ప్రేతో కింది డిటెక్టర్‌ను పలికించి, తలుపులు మూసిన పడకగదిలో వినాలి. తరవాత పై అంతస్తు వైర్‌లెస్ డిటెక్టర్ బ్యాటరీ తీసి, ప్యానెల్ ఎంతసేపటికి లోపం చూపిందో గడియారం చూసి రాసుకోవాలి. గంటలు పట్టవచ్చు. ఆ వ్యవధిని సెట్టింగులో తగ్గించే వీలుంటే, బ్యాటరీ కాస్త తొందరగా అరిగినా సరే, పడకగదుల వరకైనా తగ్గించుకోవాలి.