బొబ్బర ఆకును ఎందుకు దాచాలి?

నర్సంపేట

బిడ్డలారా,

దసరాకు వచ్చినప్పుడు మన మిర్చి చేలోంచి ముడుచుకుపోయిన కొమ్మ తెంపుకొచ్చి "తాతా, దీనికేమైంది?" అన్నారు గుర్తుందా? బొబ్బర తెగులు, అది వైరస్ అని చెప్పి ఆ మొక్కను పీకి పాతిపెట్టించాను. అప్పుడు మీలో చిన్నది ఇంకో మాట అడిగింది. "మీ ల్యాబులో వైరస్‌లను దాచిపెట్టేవాళ్లట కదా, పంటను పాడుచేసేదాన్ని ఎందుకు దాచడం?" ఇంటి నిండా చుట్టాలుండి ఆ రోజు చెప్పడం కుదరలేదు. ఇప్పుడు రాస్తున్నా.

ముందు గుర్తుపట్టే సంగతి. ఆకు ముడిచిందంటే చాలు, వైరస్ అనేస్తారు. తామర పురుగు రసం పీల్చినా ఆకు పైకి దొన్నెలా ముడుచుకుంటుంది. నల్లి పీలిస్తే కిందికి, బోర్లించిన పడవలా వంగుతుంది. పై ముడత, కింది ముడత అని మన రైతులు అనేది వీటినే. సమయానికి సరైన మందు కొడితే ఆ పురుగులు తగ్గుతాయి. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ అలా కాదు. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారిపోతుంది. లోపలికి పోయిన వైరస్‌ను ఏ మందూ బయటికి తీయలేదు. ఈ తేడా తెలియక అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టినవాళ్లను ఎందరినో చూశాను. నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కంటితో అన్నీ తేలవు. పొగాకు మొజాయిక్ వైరస్ పొడవు 300 నానోమీటర్లు. అలాంటివి మూడు వేలకు పైగా వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. అందుకే మొక్కలనే సాక్ష్యం అడిగేవాళ్లం. జబ్బు ఆకును నూరి, ఆ రసాన్ని కార్బోరండం అనే సన్నటి గరుకు పొడి చల్లిన మంచి ఆకు మీద మెల్లగా రుద్దుతాం. పొడి గీరిన చోట వైరస్ లోపలికి పోతుంది. పప్పుకూర (కీనోపోడియం అనే ఆకుకూర) జాతి మొక్కలు, అలసంద, అడవి పొగాకు కొద్ది రోజుల్లో మచ్చలు చూపిస్తాయి. అడవి పొగాకు ఆకు మీద ఆ మచ్చలను లెక్కపెట్టి వైరస్ ఎంత ఉందో అంచనా వేయొచ్చని 1929లో హోమ్స్ అనే శాస్త్రవేత్త చూపించాడు. తెల్లదోమ తెచ్చే వైరస్‌లు చాలావరకు ఇలా రుద్దితే అంటవు. వాటికి దోమలనే వదలాలి, లేదా అంటు కట్టాలి.

ఆ తర్వాత ఎలైసా వచ్చింది. వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలతో చేసే పరీక్ష అది. ఆ యాంటీబాడీలు తయారు చేయాలంటే వైరస్ చేతిలో ఉండాలి. చిన్నమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. కొత్త వంగడం తట్టుకుంటుందో లేదో చూడాలన్నా అదే వైరస్ కావాలి. 2014లో ఇజ్రాయెల్‌లో టమాటాకు ఒక కొత్త మొజాయిక్ జబ్బు వచ్చింది. అప్పటిదాకా పొగాకు మొజాయిక్ జాతి వైరస్‌లను తట్టుకున్న రకాలు కూడా దానికి లొంగిపోయాయి. అది కొత్తదని చెప్పాలంటే పోల్చడానికి పాతవి ఉండాలి కదా!

దాచడం మాత్రం ఒకే తీరుగా కుదరదు. పొగాకు మొజాయిక్ మొండిది, ఎండిన ఆకులో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. బీడీ తాగిన చేతులతో మిర్చి, టమాటా నారు ముట్టుకోవద్దని నేను అరిచేది అందుకే. కొన్ని వైరస్‌లకైతే జబ్బు ఆకును చిన్న ముక్కలుగా కోసి, తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ మీద ఆరబెట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెచ్చి, టమాటానూ పట్టే వైరస్ చాలా సుకుమారం. రసం తీసిన కొన్ని గంటల్లోనే శక్తి పోతుంది. దాన్ని సున్నాకు 80 డిగ్రీల కింద గడ్డకట్టించాలి. దోమతెర ఇంట్లో మొక్క నుంచి మొక్కకు ఎక్కిస్తూ కాపాడొచ్చు గానీ, అలా చేస్తే వేరే వైరస్ కలవచ్చు, అదే మెల్లగా మారిపోనూవచ్చు.

ఒకసారి ఫ్రిజ్‌లో తేమ చేరి నా సీసాల మీద సిరా అంతా చెదిరిపోయింది. లోపల ఆకులు బాగానే ఉన్నాయి, ఏది ఏ ఊరిదో తెలియలేదు. రెండు సీజన్ల తిరుగుడు వృథా అయింది. అప్పటినుంచి పెన్సిల్‌తోనే రాశాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు పెరట్లో బెండ చూడండి. ఈనెలు పసుపుపచ్చగా వలలా కనిపిస్తే ఫోటో తీసి, ఆకు వెనక తెల్లదోమ ఉందేమో చూసి, ఒక ఆకును పాత పేపర్ మడతలో ఆరబెట్టండి. తేదీ, ఊరు, విత్తనం రకం పెన్సిల్‌తో రాయండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మిర్చి చేలోకి రండి.

మీ తాత