హై పవర్ రాకెట్: మోటార్ కొనొచ్చు, మిగతాదంతా కట్టాల్సిందే

అమెరికాలో హాబీ రాకెట్ మోటార్లను అక్షరాలతో గుర్తిస్తారు. అక్షరం మారిన ప్రతిసారీ గరిష్ఠ ప్రచోదనం, అంటే మోటార్ మండినంతసేపూ ఇచ్చే మొత్తం తోపుడు, రెట్టింపు. ‘ఏ’ మోటార్‌కి 2.5 న్యూటన్-సెకన్లు, ‘జి’కి వచ్చేసరికి 160. ‘హెచ్’ నుంచి పైవన్నీ హై పవర్ కిందికే వస్తాయి. వీటిని ఎగరేయాలంటే నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ గానీ ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్ గానీ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి.

మొదటి మెట్టు లెవెల్ 1. ఆ పరీక్షలో ఎంత ఎత్తుకి వెళ్లిందన్నది ఎవరూ అడగరు. రాకెట్‌ని మీరే కట్టాలి, ‘హెచ్’ లేదా ‘ఐ’ మోటార్‌తో ఎగరాలి, మళ్లీ ఎగరడానికి పనికొచ్చే స్థితిలో నేలకి దిగాలి. కిట్ పెట్టె తెరిచిన రోజు నుంచే ఈ షరతు గుర్తుంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

పెట్టెలో దళసరి అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, ప్లైవుడ్ ఫిన్లు (తోక రెక్కలు), మోటార్ కూర్చునే సన్న గొట్టం, దాన్ని మధ్యలో నిలిపే రింగులు, తాడు, పారాచూట్ ఉంటాయి. మోటార్ విడిగా కొనాలి. అందులోది అమ్మోనియం పెర్‌క్లోరేట్‌ని రబ్బరు లాంటి పాలిమర్‌తో కలిపి గట్టిపరిచిన ఘన ఇంధనం. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ మొదటి దశలో సుమారు 139 టన్నులు నింపేదీ ఈ కోవదే.

ఫిన్లను పైపైన అతికిస్తే చాలదు. గొట్టానికున్న చీలికల్లోంచి అవి లోపలికి వెళ్లి మోటార్ గొట్టాన్ని తాకుతాయి. లోపలా బయటా ఎపాక్సీ జిగురు పెడతారు. ఊడిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఇంకాస్త, ఇంకాస్త అని పూయాలనిపిస్తుంది. ఆ బరువంతా తోక దగ్గర చేరుతుంది, అసలు చిక్కు అక్కడే. రాకెట్ నిటారుగా వెళ్లాలంటే గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైనట్టుండే చోటు) ముందు, గాలి పీడన కేంద్రం (గాలి తోపుడంతా పనిచేసినట్టుండే చోటు) వెనక ఉండాలి. బాణానికి ములుకు బరువుగా, ఈకలు వెనక ఉండేది ఇందుకే. పీడన కేంద్రాన్ని లెక్కకట్టడానికి 1966లో జేమ్స్ బారోమన్ ఇచ్చిన సూత్రాలనే ఇప్పటికీ వాడుతున్నారు. రెండు కేంద్రాల మధ్య దూరం గొట్టం వ్యాసానికి ఒకటి, రెండు రెట్లు ఉంటే మంచిది. అంటే 10 సెంటీమీటర్ల వ్యాసమున్న రాకెట్‌కి 10 నుంచి 20 సెంటీమీటర్లు. మోటార్ బరువు కూడా తోకలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని ఎక్కించి, పారాచూట్ మడిచి పెట్టాకే గరిమనాభి చూడాలి. దూరం తక్కువైతే ముక్కులో బరువు పెడతారు. మరీ ఎక్కువైనా నష్టమే. రాకెట్ గాలికి ఎదురు తిరిగి పక్కదారి పడుతుంది.

మోటార్ మండేది కొద్ది సెకన్లే. తర్వాత రాకెట్ ఆ ఊపుతోనే పైకి పోతుంది. ఈలోగా మోటార్‌లోని ఆలస్యపు మందు నెమ్మదిగా కాలుతూ, శిఖరానికి చేరే వేళకి కాస్త నల్ల తుపాకి మందును అంటించి, ముక్కునీ పారాచూట్‌నీ బయటికి నెట్టాలి. మూడు సెకన్లు ఆలస్యమైతే రాకెట్ అప్పటికే సెకనుకి దాదాపు 30 మీటర్ల వేగంతో పడుతుంటుంది. పారాచూట్‌తో మామూలుగా దిగే వేగం సుమారు 6 మీటర్లు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది గనక, ఆ క్షణాన తాడు మీద పడే లాగుడు 25 రెట్ల దాకా ఉండొచ్చు. అప్పుడు తాడు అట్ట గొట్టాన్ని పైనుంచి చీల్చేస్తుంది. దీన్నే ‘జిప్పర్’ అంటారు. అలా చీలిన గొట్టంతో సర్టిఫికెట్ రాదు. అందుకే అనుభవమున్నవాళ్లు ముందే రాకెట్‌ని తూచి, సిమ్యులేషన్ చేసి, ఆలస్యపు మందును ఆ మేరకి తొలిచి తగ్గిస్తారు.

పై లెవెల్స్‌లో ఈ పనిని చాలామంది గాలి పీడనాన్ని కొలిచే ఆల్టిమీటర్‌కి అప్పగిస్తారు. అది శిఖరం దగ్గర చిన్న పారాచూట్‌ని, నేలకి దగ్గరయ్యాక పెద్దదాన్ని తెరుస్తుంది. ‘ఎం’ మోటార్లతో మొదలయ్యే లెవెల్ 3లో ఒక్క ఆల్టిమీటర్‌ని నమ్ముకోనివ్వరు. ఒకటి మొరాయించినా పారాచూట్ తెరుచుకునేలా దేనికదే విడిగా పనిచేసే రెండు ఏర్పాట్లు ఉండాలి.