నల్లగొండ పాట దళాలు ఎలా లేచాయి, ఎలా చెదిరాయి

సర్కారు పథకాల ప్రచారానికి ఊళ్లకు వచ్చే కళాబృందం దగ్గర డప్పు ఉంటుంది, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు ఉంటాయి. ఆ వేషం సర్కారును నిలదీసినవాళ్లది.

1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు లాంటివాళ్లు బుర్రకథ, గొల్లసుద్దులు పట్టుకుని నల్లగొండ పల్లెలు తిరిగారు. జనానికి తెలిసిన బాణీలోనే వెట్టి గురించి, దొరల గురించి కొత్త మాటలు కట్టారు. అందుకే ఆ పాటలు ఒక్కసారి వింటే నోటికి వచ్చేవి. 1972లో మొదలైన విప్లవ పాటల బృందం జననాట్యమండలి ఇదే దారిని గద్దర్ గొంతుతో రాష్ట్రమంతా తీసుకెళ్లింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది భువనగిరి కథ. బెల్లి లలిత అక్కడి స్పిన్నింగ్ మిల్లులో కూలీ. 1997 మార్చిలో భువనగిరిలో జరిగిన తెలంగాణ సభ తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం మలిదశ ఉద్యమం ఊపందుకుంది. ఆమె, ఆమె చుట్టూ చేరిన తెలంగాణ కళాసమితి ఊరూరా పాడాయి. ఫ్లోరైడ్ నీళ్లు, సారా, వలసలు అన్నీ ఆ పాటల్లోకి వచ్చాయి. మిల్లు కూలీ మైకు పట్టుకుంటే వినడానికి జనం విరగబడేవారు. ఆ జనాన్ని చూసే కొందరికి భయం పుట్టిందని నేను నమ్ముతాను. 1999 మేలో ఆమెను ఎత్తుకెళ్లి చంపారు. శరీరాన్ని 17 ముక్కలు చేసి పడేశారు. చంపింది ఒక్క మనిషినే, కానీ దెబ్బ దళమంతటికీ తగిలింది. దగ్గరివాళ్లు ప్రాణభయంతో ఊరు విడిచారు.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అంటే ఉద్యమం కోసం ఆటపాటలతో నడిచే సభ, పాటను మళ్లీ వేదిక ఎక్కించింది. పాలమూరు నుంచి గోరటి వెంకన్న పాట వలస కూలీల బతుకును రాజధాని దాకా మోసింది. అప్పుడు సభ ఉందంటే ముందు పాట ఉండాల్సిందే.

2014లో రాష్ట్రం వచ్చింది. సాంస్కృతిక సారథి అనే సర్కారు సంస్థ పేరుతో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. ధూంధాం గాయకుడు రసమయి బాలకిషన్ ఎమ్మెల్యే అయ్యారు, 2020లో వెంకన్న శాసనమండలికి వెళ్లారు. ఏళ్ల తరబడి ఆకలితో పాడినవాళ్లకు జీతం రావడాన్ని నేను తప్పుపట్టను, అది వాళ్ల హక్కు. కానీ ఏ ఊళ్లో ఏం పాడాలో ఆఫీసు చెప్పడం మొదలయ్యాక దళం తనంతట తాను పాట కట్టే అలవాటు పోయింది. ఆ 550 మందిలో చోటు దొరకనివాళ్లలో చాలామంది ఎన్నికలొస్తే పిలిచిన పార్టీకి పాడుతున్నారు, మిగతా రోజుల్లో కూలికి పోతున్నారు.